తల్లిని గుర్తించుట

ఇంట్లో, వంటగది బల్ల దగ్గర
ఎండలు మొదలైన వారం

వదినగారికి,

మీ మేనల్లుడు బుడంకాయ ఇప్పుడే కునుకు తీశాడు. వాడు లేచేలోపు నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. ఫోను చెయ్యొచ్చు కదా అంటారు. ఇంట్లో ఫోను మోగితే వీడు ఉలిక్కిపడతాడు, ఆ ఉలికిపాటు ఒక్కోసారి ఫిట్స్‌లోకి దిగుతోంది. అందుకని మీ తమ్ముడు రెండు ఫోన్లూ నోరు మూయించి బీరువాలో పడేశాడు. ఇంక మనకి ఉత్తరాలే గతి. నా కోడిగీతలు చదవడం మీకు శిక్షే, భరించండి.

నిన్న మీ సెంటర్‌కి వచ్చాం. మీరు అదే బిల్డింగులో ఉండి కూడా మాకు కనబడకూడదట. సొంత మనుషులు పరీక్ష గదిలోకి రాకూడదని రూలు ఉందని ముందే చెప్పారు. సరే అన్నాను. జన్యువుల్లో తేడాతో పుట్టిన పసిపిల్లలు ఎలా ఎదుగుతారో ఏడు శాఖలవాళ్ళు కలిసి చూస్తారని మీరు చెప్పినప్పుడు నాకు సంతోషమే వేసింది. లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు అడ్రసు వెతుక్కుని మరీ మా ఇంటికొచ్చింది. చూసేవాళ్ళు ఏడుగురుంటే ఏం, డెబ్బైమంది ఉంటే ఏం.

మోచేతుల దాకా స్పిరిటుతో తుడిపించారు. తలకి టోపీ, మొహానికి మాస్కు, ఒంటికి నాలాంటివాళ్ళు ఇద్దరు పట్టే తెల్లగౌను. అద్దంలో చూసుకుని, ఎవరో పిండిమరలో పనిచేసే ఆవిడ అనుకుని పక్కకి జరిగాను. మాట్లాడకూడదు, ఎత్తుకోకూడదు, ముట్టుకోకూడదు. వాడు వెల్లకిలా పడుకుని ఉంటే వాడి మీదకి వంగాలి, అంతే. నేను వంగగానే వీడు చేదుమందు పోసినట్టు మొహం చిట్లించి అటు తిరిగిపోయాడు! ఇంట్లో ఎప్పుడూ ఆ మొహం పెట్టడు. కొత్త విద్య నేర్చాడు దొంగ. తర్వాత వాడు ఎప్పుడూ చూడని ఆవిడొకరు, అదే వేషంలో వచ్చి అలాగే వంగారు. ఆవిడకీ అదే మొహం. నాకు నవ్వొచ్చింది కానీ మాస్కు లోపలే నవ్వుకున్నాను.

వదినా, ఒక్క మాట. వారానికి రెండుసార్లు మీవాళ్ళు పంపే టీచరమ్మ ఉంది చూడండి, గొంతుకి అడ్డం పడకుండా మింగడం నేర్పే ఆవిడ, ఆవిడకి మేము మింగుడమ్మ అని పేరు పెట్టాం. ఆవిడ రాకముందు పాలు పట్టాలంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. గుటక గుటకకీ వాడు నీలం తిరిగేవాడు. ఇప్పుడు మెత్తగా చేసి పెడితే అరగిన్నె దాకా లాగిస్తున్నాడు. ఈ పరీక్షని బట్టే ఆవిడని ఇంకో ఏడాది పంపాలో మానెయ్యాలో తేలుస్తారట. బాగానే జరిగిందంటారా? ఏదో ఒకటి చెప్పండి.

వీడి తరఫున కూడా ఒక దణ్ణంతో,
మీ మరదలు

*

సెంటర్, రెండో అంతస్తు
అదే వారం

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం అందింది. నా దగ్గర మంచి కాగితం లేదు. డ్రాయరులో స్పిరిటు దూది డబ్బా పక్కన దొరికిన కట్టలోంచి తీసి రాస్తున్నాను, ఏమనుకోకు.

మీ పరీక్షని తీసిన వీడియో నేనింకా చూడలేదు. చూసినా చెప్పకూడదు. వీళ్ళు ఒక్క పరీక్షని పట్టుకుని ఏదీ తేల్చరు, అన్ని శాఖలవాళ్ళూ కూర్చుని మాట్లాడతారు. నువ్వు అనవసరంగా బుర్ర పాడుచేసుకోకు. వాడికి పడుకున్నప్పుడు మెడ కింద మడత పెట్టిన తువ్వాలు పెడుతున్నావు కదా? మరవకు.

తమ్ముణ్ణి వేళకి తినమను.

వదిన

*

ఇంట్లో
మొదటి వాన పడ్డ రోజు

వదినా,

ఇవాళ ‘గారు’ రాయలేను. కోపంగా ఉంది.

కాగితం వచ్చింది. బరువు, తల కొలత, వెలుతురు వేస్తే కనుపాప ఎంత కదిలింది, అన్నీ ఉన్నాయి. మూడో పేజీలో ఇలా ఉంది: ‘తల్లిని గుర్తించుట: లేదు. తల్లి పట్ల, అపరిచిత స్త్రీ పట్ల ఒకే స్పందన.’ దాని కింద, వీణ్ణి ‘స్పందించని వర్గం’లో వేశామని రాశారు. ఆ వర్గం పిల్లల ఇంటికి టీచర్లని పంపరట. ఈ నెలాఖరుతో మింగుడమ్మ మానేస్తుంది. ఇకమీదట ఆరునెలలకోసారి తీసుకొస్తే కొలతలు తీసుకుంటారట. అంటే వీడు ఇంక నేర్చుకునే పిల్లాడు కాదు, కొలుచుకునే పిల్లాడు.

చదువుతుంటే నాకు వాళ్ళ మీద రోత పుట్టింది. నిజంగా పుట్టింది, ఊరికే అనడం కాదు. సింకు దగ్గరికి పరిగెత్తాను. ఆ కాగితం పట్టుకున్న చేతులు సబ్బు పెట్టి కడుక్కున్నాను.

వీడికి చూపు అంతంతమాత్రమే, వెలుగూ పెద్ద పెద్ద నీడలూ తప్ప కనబడవని చెప్పింది మీవాళ్ళే కదా. అయినా నేను గదిలోకొస్తే దుప్పటి కింద వీడి కాళ్ళు ఆడతాయి. మీ తమ్ముడొస్తే నోరు తెరుస్తాడు. మీ అమ్మ వస్తే పిడికిళ్ళు బిగిస్తాడు, ఆవిడ బుగ్గలు పిండేస్తుందని. ఇంత తెలిసినవాడికి నేను తెలియనా?

అత్తయ్యకి చదివి వినిపించాను. ‘దూడకి తల్లి తెలియదని రాసినవాడు పాలు తాగి పెరిగాడా, కాగితాలు తిని పెరిగాడా?’ అన్నారు. ఆవిడకీ నాకూ ఏ విషయంలోనూ పడదు. దీంట్లో పడింది.

మీరు ఆ వీడియో చూశారా, లేదా? సూటిగా చెప్పండి. తువ్వాళ్ళ సంగతి తర్వాత.

మరదలు

*

సెంటర్
వానలు ముదిరాక

అమ్మాయీ,

చూశాను. నీకు మొదటి ఉత్తరం రాసేముందే చూశాను. చూడలేదని అబద్ధం రాశాను. నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

మా మీటింగు గది నువ్వు చూడలేదు. గోడంతా తెర, తెర నిండా వాడి మొహం. కింద మేమంతా టీ తాగుతూ, బిస్కెట్లు కొరుకుతూ. పెద్ద డాక్టరు చేతిలో ఎర్ర చుక్క వేసే లైటు ఒకటి ఉంటుంది. ఆ చుక్క నా మేనల్లుడి ముక్కు మీదా పెదవి మీదా ఈగలా తిరిగింది. లేచి తోలాలనిపించింది. ‘చూడండి, ఖాళీ’ అన్నాడు ఆయన. ఇంకొకాయన ఒళ్ళో పడ్డ బిస్కెట్టు పొడి దులుపుకుంటూ, ‘ఇల్లుంది గానీ ఇంట్లో ఎవరూ లేరు’ అన్నాడు. కొంతమంది నవ్వారు కూడా. నా ఒళ్ళంతా కంపరమెత్తిపోయింది. ఇన్నేళ్ళూ వాళ్ళ పక్కనే కూర్చుని ఇవే బిస్కెట్లు తిన్నానే అనుకుంటే ఇంకా రోత పుట్టింది.

అప్పుడు నిన్ను చూశాను. అంటే నిన్ను వెతికాను. ఆ వీడియోలో వంగిన ఇద్దరిలో నువ్వెవరో, నిన్ను బాగా ఎరిగిన నాకే తెలియలేదు. రంగుబట్టలు వాడి చూపు లాగేస్తాయని నీకు తెల్లగౌను వేయించింది కళ్ళ డాక్టరమ్మ. గొంతు వినబడితే తన పరీక్ష చెడుతుందని నీ నోరు మూయించింది చెవుల డాక్టరు. రోగాలు అంటుకోకూడదని మాస్కు పెట్టి, స్పిరిటు పూసి నీ వాసన పోగొట్టింది శుభ్రత శాఖ. ఎత్తుకుంటే ఒంటి బిగువు మారిపోతుంది, వెల్లకిలా ఉంచే చూడాలని పట్టుబట్టింది ఎవరనుకున్నావు? నేను. కండరాల పని నాదే కదా. ఎవరి రూలు వాళ్ళకి న్యాయంగానే ఉంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం! అన్ని రూళ్ళూ కలిపేసరికి వాడి మీదకి వంగింది తల్లి కాదు, గౌను. రెండు గౌనుల్నీ వాడు ఒకేలా చూశాడు. ఇంకెలా చూడాలి?

ఇదే మాట మీటింగులో అన్నాను. పెద్ద డాక్టరు చాలా మర్యాదగా, ‘మీరు మేనత్త, మీ మాటలో ప్రేమ ఉంది, శాస్త్రం లేదు’ అన్నాడు. నా నోరు నీకు తెలుసుగా, ఊరుకోలేదు. చివరికి ఒకదానికి ఒప్పుకున్నారు. నువ్వు కట్టి విడిచిన బట్ట ఒకటి వాడి తలకి ఒకవైపు, వేరే ఆవిడ బట్ట ఇంకోవైపు పెట్టి, ఎటు తిరుగుతాడో చూస్తారు. తిరిగితే మింగుడమ్మ వస్తుంది. ఇంట్లో రోజూ వేసుకునేదే పంపు. ఉతకొద్దు. ఎంత మురికిగా ఉంటే అంత మంచిది.

నీ అబద్ధాలకోరు,
వదిన

*

ఇంట్లో
ముసురు పట్టిన రోజు

వదినగారికి (‘గారు’ తిరిగి ఇచ్చేశాను, చూసుకోండి),

నా పాత నైటీ పంపిస్తున్నాను. దాని మీద పాల మరకలున్నాయి, వీడు కక్కిన మరకలున్నాయి, భుజం మీద వీడి చొంగ అట్టకట్టింది. ఒక టీ మరక మాత్రం మీ తమ్ముడిది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పండి. విడిచిన బట్ట ఉతక్కుండా పరాయివాళ్ళకి పంపడం నా జన్మలో ఇదే మొదలు. సిగ్గుతో చస్తున్నాను. అత్తయ్య అయితే ‘ఇంటి పరువు కవర్లో పెట్టి పంపుతున్నావా?’ అన్నారు. పంపుతున్నానని చెప్పాను.

విప్పినవాళ్ళు ముక్కు మూసుకుంటే మూసుకోనివ్వండి. వీడికి అది నేను.

మింగుడమ్మకి ఇంక రెండుసార్లే మిగిలాయి. త్వరగా కానివ్వండి.

మరదలు

*

సెంటర్
పరీక్ష అయిన సాయంత్రం

అమ్మాయీ,

ఉతికారు.

నువ్వు పిల్లాణ్ణి అప్పజెప్పి బయట బెంచీ మీద కూర్చున్నావు కాబట్టి నీకు తెలియదు. గదిలోకి వెళ్ళలేక నేను అద్దం వెనక నిలబడ్డాను. ట్రేలో నీ నైటీ తెచ్చారు. మడత నలగకుండా, మరక లేకుండా, తళతళలాడుతూ! బయటి బట్ట ఏదైనా లోపలికి రావాలంటే ఆవిరి మెషీన్‌లో పెట్టి, స్పిరిటు కొట్టి, సీలు వెయ్యాలని రూలట. ‘ఉతకరాదు’ అని రాసిన చీటీ దానికి పిన్ను పెట్టి అలాగే ఉంది. చీటీని కూడా ఆవిరి పట్టారు. శుభ్రత శాఖ ఆవిడని పట్టుకుని అడిగితే, ‘మేము ఉతకలేదు మేడమ్, ఆవిరే పట్టాం. చూడండి ఎంత బాగా వచ్చిందో!’ అంది. పాపం, మెచ్చుకుంటానని చూసింది.

వాడు ఆ పక్కకీ ఈ పక్కకీ ఒకేలా మొహం చిట్లించాడు. ‘రెండోసారీ అదే ఫలితం, కాబట్టి ఖాయం’ అని రాసుకుని లేచారు. ఆవిరి సంగతి చెప్పాను. ‘రెండు బట్టలకీ ఆవిరి పట్టారు కదా, సమన్యాయమే’ అన్నాడు పెద్ద డాక్టరు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నేనే ఊడగొట్టాను.

నీ మొహం ఎలా చూడాలో తెలియక వెనక మెట్ల మీంచి వెళ్ళిపోయాను.

వదిన

*

ఇంట్లో

వదినా,

ఇంక ఏ పరీక్షా పెట్టించకండి. చాలు.

మింగుడమ్మ వెళ్ళిపోయి చాలా రోజులైంది. వెళ్ళేటప్పుడు వీడి గడ్డం పట్టుకుని ఎలా నొక్కాలో నాకు మళ్ళీ మళ్ళీ చూపించింది. చూసినంతసేపూ వచ్చినట్టే ఉంటుంది, ఆవిడ అటు వెళ్ళగానే రాదు. మొన్న మెతుకు అడ్డం పడింది. వీడి పెదవులు నల్లబడ్డాయి. బోర్లా వేసి వీపు మీద చరిచాను. వచ్చింది, ఊపిరి వచ్చింది. అప్పట్నుంచీ మళ్ళీ ఒట్టి పాలే పడుతున్నాను, అదీ చెంచాతో.

మీకు చెప్పని మాట ఒకటుంది. ఆ కాగితం వచ్చాక నేను వీణ్ణి మామూలుగా ఎత్తుకోవడం మానేశాను. చప్పుడు చెయ్యకుండా గదిలోకి వస్తాను, కాళ్ళు ఆడిస్తాడా అని చూస్తాను. ఆడిస్తే మళ్ళీ బయటికి వెళ్ళి మళ్ళీ వస్తాను. అత్తయ్యని ముందు పంపి చూస్తాను. నిన్న ఏం చేశానో తెలుసా? మూతికి గుడ్డ కట్టుకుని, ఇంజెక్షన్లకని తెచ్చి వాడకుండా ఉంచిన స్పిరిటు చేతులకి రాసుకుని, మాట్లాడకుండా ఉయ్యాల మీదకి వంగాను. నా కడుపున పుట్టినవాడు నాకూ అదే మొహం పెట్టాడు. మీవాళ్ళు రాసిందే నిజమేమో అని ఒక్క క్షణం అనుకున్నాను వదినా. అనుకున్నాను.

థూ! నా బతుకు. వాళ్ళని చూస్తే రోత అన్నాను, ఇప్పుడు నన్ను చూసుకుంటే అంతకంటే రోతగా ఉంది.

జవాబు రాయకపోయినా పర్వాలేదు.

*

సెంటర్
చలి మొదలయ్యాక

బంగారుతల్లీ,

రాయకపోయినా పర్వాలేదన్నావు, నేను రాస్తున్నాను. కూర్చుని చదువు.

నీ ఉత్తరం చేత్తో పట్టుకుని కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. తిడదామనే వెళ్ళాను. ఆవిడకీ బుడంకాయ ఈడు పాప ఉంది, కింద పిల్లల గదిలో వదిలి పనిలోకి వస్తుంది. పాపకి ఏ జబ్బూ లేదు, కళ్ళు చక్రాల్లా ఉంటాయి. తిట్టడం మానేసి ఒక మాట అడిగాను: ‘ఇదే పరీక్ష ఇవే రూళ్ళతో మీ పాపకి పెడదామా? పోలికకి ఒక ఆరోగ్యమైన బిడ్డ ఉండాలిగా.’ ఆవిడ నవ్వింది. ‘మా పిల్ల నన్ను లిఫ్టు తలుపు చప్పుడుకే పసిగడుతుంది. కావాలంటే అందరి ముందూ పెట్టండి’ అంది. కాకిపిల్ల కాకికి ముద్దు.

పెట్టాం. ఆవిడకీ టోపీ, మాస్కు, గౌను, స్పిరిటు. నోరు మెదపకుండా వంగింది. పాప కళ్ళు పెద్దవి చేసి చూసింది, పెదవి విరిచింది, కెవ్వున ఏడ్చింది. రెండో ఆవిడ వంగింది, అదే ఏడుపు. ఎవరి మొహమూ చూడకుండా చేతులు చాచింది తలుపు వైపు. అక్కడ పాపని మోసుకొచ్చిన ఆయా నిలబడి ఉంది, మామూలు బట్టల్లో, ఏదో కూనిరాగం తీసుకుంటూ. ఆ పాప మెడ తిప్పి ఆయా కోసం ఏడుస్తుంటే కన్నతల్లి వంగినదల్లా అలాగే ఉండిపోయింది. తర్వాత మాస్కు పీకి నేలకేసి కొట్టి, ‘అమ్మనే! నేనే, అమ్మని!’ అని ఎత్తుకుంది. గొంతు వినగానే పాప నోరు మూసి, ఆవిడ చెవి పట్టుకుంది.

‘ఈ పాపని కూడా స్పందించని వర్గంలో రాద్దామా?’ అని పెద్ద డాక్టర్ని అడిగాను. ఆయన కిటికీలోంచి కార్లు చూశాడు. బిస్కెట్ల ప్లేటు ఎవరూ ముట్టలేదు.

ఆ పరీక్ష కొట్టేశారు. వాడి కాగితంలో ఆ వాక్యం తీసేశారు. సోమవారం నుంచి మింగుడమ్మ వస్తుంది, ఏడాదంతా వస్తుంది. నీకు ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరంలో ‘సాంకేతిక కారణాల వల్ల’ అని మాత్రమే ఉంటుంది. క్షమించమని ఒక్క ముక్క రాయమంటే, అలా రాసే అలవాటు లేదన్నారు. మర్నాటికే ఇదంతా గొప్ప విషయమని, దీని మీద వ్యాసం రాసి పెద్ద డాక్టరు పేరు ముందు పెట్టాలని మాట్లాడుకుంటున్నారు. ఆ రోజు ‘ఇంట్లో ఎవరూ లేరు’ అన్నాయనే మొదటి పేరా రాస్తానన్నాడు. ఛీ! అంతకంటే మాట రావడంలేదు.

నువ్వు నీ మీద రోత పడకు. ఆ గదిలోంచి నీ ఇంటిదాకా వచ్చింది మా మురికి. నీది కాదు.

వదిన

*

ఇంట్లో, ఎండ పడే కిటికీ దగ్గర

వదినగారికి,

మింగుడమ్మ వచ్చింది. చెప్పులు విప్పుతూనే ‘ఏడీ నా శత్రువు?’ అని అరిచింది. వీడి కాళ్ళు దుప్పటి తన్నేశాయి. నాలుగు చెంచాలు మెత్తటి ముద్ద మింగాడు. అయిదోది ఆవిడ మొహాన ఊశాడు. ఆవిడ తుడుచుకుని, ఊయడం కూడా కండరాల పనే, మీ వదినగారికి రాయమంది. రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరం వచ్చినప్పుడు వీడు నా ఒళ్ళో ఉన్నాడు. ఏడుపొచ్చి కాగితం కిందకి దించాను, వీడి ముక్కుకి తగిలింది. వెంటనే అదే మొహం! ముక్కు పైకి, పెదవి వంకర, తల అటు. నేను కాగితం వాసన చూశాను. మీ డ్రాయరు వాసన, స్పిరిటు. మీ పాత ఉత్తరాలు తెచ్చి పెట్టాను, అన్నిటికీ అదే మొహం. మీ తమ్ముడి కరెంటు బిల్లు పెట్టాను, ఆవులించాడు. నా చెయ్యి పెట్టాను, బొటనవేలు నోట్లోకి లాక్కున్నాడు.

మీరు వీడియో ఎన్నిసార్లు చూసినా, మీ పెద్ద డాక్టరు ఎర్ర చుక్క ఎంతసేపు తిప్పినా, ఆ మొహం ఏమిటో ఒక్కరూ అడగలేదు. ఖాళీ అన్నారు. అది ఖాళీ కాదు వదినా, రోత. అమ్మ వస్తుందనుకున్న చోటికి ఆ కంపు వచ్చింది, వీడికి అసహ్యం వేసింది. మీకూ నాకూ ఇన్ని నెలలుగా పుట్టిన రోత వీడికి మొదటి రోజే పుట్టింది. వీడు ఎవరినీ గుర్తుపట్టలేదని రాసుకున్న ప్రతిసారీ మీ సెంటర్నే గుర్తుపట్టాడు, ఏడు శాఖల్నీ కలిపి.

ఈ మాట అక్కడ ఎవరికీ చెప్పకండి. చెబితే దీన్ని కూడా కొలుస్తారు.

నేను ఇంక వీణ్ణి పరీక్షించడం లేదు. ఇవాళ చేసిన కాగితాల పరీక్షే ఆఖరిది, ఒట్టు.

ఆదివారం రండి. గేటు దగ్గరే ఆగండి, నేను సబ్బూ నీళ్ళూ తెస్తాను, ఆ చేతులు నా ఎదురుగా కడుక్కోండి. బట్టలు కూడా మార్చుకోవాలి, మీకోసం నా పాత నైటీ ఒకటి విడిచి పెట్టి ఉంచుతాను, ఉతకను. ఇన్నాళ్ళూ వీడు మిమ్మల్ని ఆ సెంటరు వాసనగానే, మొహం చిట్లించే గుర్తుపట్టాడు. ఈసారి మేనత్త అని చెప్పి ఒళ్ళో పెడతాను.

మీ మరదలు, బుడంకాయ వాళ్ళమ్మ